కాండిన్స్కీకి ముందు దారి వేసినోళ్లు ఎవరు?

హనుమకొండ_బొమ్మలు: ఇంటర్ పిల్లలకు అమూర్త చిత్రకళ (వస్తువును పోలకుండ ఆకారాలు, రంగులతోనే వేసే బొమ్మలు) చెప్పాలె. పుస్తకాల్ల రష్యా చిత్రకారుడు కాండిన్స్కీతోనే మొదలువెడ్తరు. అంతకుముందు ఎవరున్నరు? క్లాసుల చేయించెటందుకు పని ఏమన్న ఉందా?

ఓరుగల్లు_గీత: అన్నా, అలెగ్జాండర్ కోజెన్స్‌తోని షురూ చేయండి. ఈ ఇంగ్లిష్ చిత్రకారుడు 1785 ప్రాంతంల సిరా మరకల పద్ధతిని అచ్చేసిండు. కార్ట్రిడ్జ్ కాగితం (బొమ్మలేసే మందపు కాగితం) ఉండచుట్టి విప్పండి. పెద్ద బ్రష్‌తోని నల్ల ఇండియన్ ఇంకు మరకలు గబగబ వేయించండి. పూర్తిగ ఆరినంక పైన ట్రేసింగ్ పేపర్ పెట్టి, మరకల్ల కనబడ్డ ఆకారాలే గీయాలె. ఇంకుల నీళ్లు ఎక్కువైతే ముడతల వెంట పాకి అంతా బూడిదరంగైతది, తెల్లజాగ మిగలదు. పల్చటి జిరాక్స్ కాగితం చినుగుతది. ఆయన వెతికింది ప్రకృతి దృశ్యాన్నే, కానీ ముందు మరక, తర్వాత వస్తువు అన్న వరస అక్కడ ఉన్నది.

రంగులగది: అమెరికాల పుట్టిన చిత్రకారుడు విస్లర్‌ను వదలొద్దు. 1875ల రాత్రి ఆకాశంల రాకెట్ బాణసంచా వేసిండు. కళా విమర్శకుడు రస్కిన్ ఆ బొమ్మను తిడితే 1878ల పరువునష్టం కేసు గెలిచిండు, పరిహారం ఒక్క ఫార్దింగే (పెన్నీల నాలుగో వంతు)! స్వీడన్ చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ 1906ల మొదలువెట్టిన అమూర్త బొమ్మలు తప్పక చూపియ్యండి. ఆమెను పక్కన పెట్టి ఈ చరిత్ర చెప్పుడు అన్యాయం.

కొత్తవాడ_పడుగు: వీటితోపాటు మన వరంగల్ జంపఖానా కూడా చూపియ్యండి సార్, 2018ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేక నూలే పైకి కనబడుతది, పడుగు దాగుతది. రంగు మారే చోట ఏటవాలు గీత మెట్లు మెట్లుగ వస్తది. పిల్లలతోని గ్రాఫ్ పేపర్ మీద గళ్లు నింపిస్తే అర్థమైతది. అయితే దీన్ని కాండిన్స్కీకి పూర్వరూపం అనొద్దు, దీని దారి వేరే.