డాట్‌నెట్ సోర్స్ కోడ్ చదవడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న:
మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ వేదిక మీద ప్రోగ్రాములు రాసే భాష సీ షార్ప్‌లో ఆరేళ్లుగా పని చేస్తున్నాను. ఫ్రేమ్‌వర్క్ లోపల ఏం జరుగుతుందో చూద్దామని గిట్‌హబ్‌లో డాట్‌నెట్ రన్‌టైమ్ రిపాజిటరీ (దాని సోర్స్ కోడ్ ఉంచిన చోటు) తెరిచాను కానీ, ఫోల్డర్ల మధ్య అరగంటలోనే దారి తప్పాను. మా దగ్గర డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద నడిచే పాత అప్లికేషన్ ఒకటి, కొత్త వెర్షన్‌కు మార్చినది మరొకటి ఉన్నాయి. ఈ కోడ్‌ను వరుసగా చదవాలా? ఇందులోని భాగాలను మా ప్రాజెక్టులో వాడుకోవచ్చా?

జవాబు 1:
వరుసగా చదవాలనుకుంటే ఎవరికీ సాగదండి. మిమ్మల్ని బాగా విసిగించిన ఎర్రర్ ఒకదాన్ని పట్టుకుని లోపలికి వెళ్లండి. లిస్ట్‌లోని ఐటమ్‌లను ఒక్కొక్కటిగా చూసే ఫర్‌ఈచ్ లూప్ తిరుగుతుండగా అదే లిస్ట్‌లోంచి ఐటమ్ తీసేస్తే ఇన్‌వాలిడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వస్తుంది కదా, అది ఎక్కడ పుడుతుందో లిస్ట్ క్లాస్ ఫైలులో వెతకండి. అందులో వెర్షన్ అనే ఒక పూర్ణాంకం ఉంటుంది. లిస్ట్‌లో ఐటమ్ చేర్చినా తీసినా అది పెరుగుతుంది. లూప్‌ను నడిపించే ఎన్యూమరేటర్ తాను మొదలైనప్పటి అంకెను దాచుకుని, ముందుకు జరిగే ప్రతిసారీ లిస్ట్‌లోని అంకెతో పోల్చుకుంటుంది. రెండూ కలవకపోతే ఎక్సెప్షన్ విసురుతుంది. ఇంతకు మించి అందులో మాయ ఏమీ లేదు.

ఆ ఫైలులోనే కెపాసిటీ (లిస్ట్ ముందుగా కేటాయించుకునే చోటు) సంగతి కూడా చూడండి. ఖాళీ లిస్ట్‌లో మొదటి ఐటమ్ చేర్చగానే 4 గదుల అర్రే వస్తుంది, నిండినప్పుడల్లా రెట్టింపవుతుంది. ఒక్కొక్కటిగా లక్ష ఐటమ్‌లు చేర్చేసరికి ఈ రెట్టింపు 15 సార్లు జరుగుతుంది, ప్రతిసారీ పాత అర్రే అంతా కొత్తదానిలోకి కాపీ అవుతుంది. ఎన్ని ఐటమ్‌లో ముందే తెలిస్తే, లిస్ట్‌ను సృష్టించే కన్‌స్ట్రక్టర్‌కు ఆ సంఖ్య ఎందుకు ఇవ్వాలో అప్పుడు ఒకరు చెప్పనక్కర్లేదు.

జవాబు 2:
పై సలహాకు ఒక జాగ్రత్త చేర్చాలి. మీకు రెండు వెర్షన్లు ఉన్నాయి కాబట్టి, ఏ అప్లికేషన్ గురించి చదువుతున్నారో దాని సోర్సే తెరవండి. 4.8 తర్వాతి కొత్త దారి అయిన డాట్‌నెట్ కోర్‌లో, 3.0 నుంచి డిక్షనరీ (కీ, విలువల జతలు దాచే క్లాసు) మీద లూప్ తిరుగుతూనే రిమూవ్ చేయవచ్చు, 4.8లో అదే పని చేస్తే ఎక్సెప్షన్ వస్తుంది. కొత్త సోర్స్ చూసి ధైర్యంగా రాసిన లూప్‌ను పాత అప్లికేషన్‌లో పెట్టి నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. 4.8 కోసం రిఫరెన్స్ సోర్స్ అని విడిగా ఉంది.

జవాబు 3:
లైసెన్స్ గురించి ఎవరూ చెప్పలేదు. 2008లో మైక్రోసాఫ్ట్ ఈ కోడ్‌ను మొదట బయటపెట్టినప్పుడు చూడటానికి, డీబగ్ చేసుకోవడానికి మాత్రమే అనుమతి ఉండేది. 2014 నవంబరులో డాట్‌నెట్ కోర్‌ను ఎమ్ఐటీ లైసెన్స్‌తో (ఎవరైనా వాడుకోనిచ్చే సులువైన లైసెన్స్) ఓపెన్ సోర్స్ చేశారు, గిట్‌హబ్‌లోని రిఫరెన్స్ సోర్స్‌కూ ఇప్పుడు అదే లైసెన్స్ ఉంది. కాపీరైట్ నోటీసును, లైసెన్స్ పాఠాన్ని అలాగే ఉంచితే వాడుకోవచ్చు. అయితే ఒక క్లాసును ఎత్తుకొస్తే, దాని వెనుక ఇంటర్నల్ క్లాసులు (ఫ్రేమ్‌వర్క్ లోపలే వాడేవి) పది వెంటబడి వస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. కొత్త లిస్ట్ ఫైలు తెరిస్తే, ఐటమ్‌లు దాచే ఫీల్డ్ పక్కన దాని పేరు మార్చవద్దని కామెంట్ కనిపించింది. ఆబ్జెక్టును బైట్లుగా భద్రపరిచే బైనరీ సీరియలైజేషన్ ఆ పేరుతోనే డేటాను రాస్తుంది కాబట్టి బయటికి కనిపించని పేరు కూడా మార్చలేని పరిస్థితి అని అర్థమైంది. రేపు డిక్షనరీ తెరుస్తాను, ముందుగా 4.8దే.