వన్‌టౌన్‌లో మా పాత మేడ: ఎప్పటిదో తేల్చడం ఎలా? నిలబెట్టడం అయ్యే పనేనా?

కోటవీధి_మనవడు:
అందరికీ నమస్కారం. విశాఖ వన్‌టౌన్‌లో కోటవీధి దగ్గర మా తాతగారి వైపు వాళ్ళది ఒక పెద్ద మేడ ఉంది. ఏళ్ళ తరబడి తాళమే, వాటాదారులు బోలెడుమంది, ఒకరు హైదరాబాదు ఒకరు అమెరికా, ఎవరికీ పట్టదు. ఇప్పుడు శిథిల భవనం అని గేటుకి నోటీసు అంటించి వెళ్ళారు, ఇంకోపక్క అపార్ట్‌మెంట్ కడతాం అని బిల్డర్ల ఫోన్లు. మా పెదనాన్న గారేమో ఇది డచ్చివాళ్ళు కట్టిన బంగ్లా, మూడొందల ఏళ్ళది, ముట్టుకోవద్దు అంటారు.

మొన్న తాళం పగలగొట్టించి లోపలికెళ్ళా. ముందు వసారాకి లావుపాటి గుండ్రటి స్తంభాలు, గోడలు చెయ్యి బారంత మందం, కిటికీలకి తిప్పుకునే చెక్క పలకలు, వెనక సగానికి పెంకులు, ముందు సగం చదును డాబా. కిందపడ్డ ఒక పెంకు తిప్పి చూస్తే బాసెల్ మిషన్, మంగళూరు, 1865 అని అచ్చు ఉంది. హాల్లో చెక్క దూలాల మధ్య రెండు ఇనప దూలాలు, తుప్పు గీకితే ఇంగ్లీషులో డార్మన్ లాంగ్ అని కనిపించింది. పైగదిలో ఒక గోడ మాత్రం తెల్లగా నున్నగా మెరుస్తోంది, చెయ్యేస్తే చల్లగా పాలరాయిలా ఉంది, అదేంటో అర్థం కాలేదు. డాబా అంచున గోడ చీల్చుకుని రావిచెట్టు.

ఇంతకీ ఇది ఏ కాలానిది? తెలిసిన ఇంజనీరు ఒకాయన పాత గార అంతా చెక్కేసి సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించి డాబా తీసేసి స్లాబ్ పోయించండి, ఇంకో యాభై ఏళ్ళు చూసుకోనక్కర్లేదు అంటున్నారు, చేయించెయ్యొచ్చా? ఆర్కియాలజీ వాళ్ళకి చెప్తే ఇల్లు లాగేసుకుంటారని మా బాబాయి భయం, అది నిజమేనా?

ఓల్డ్‌టౌన్_తిరుగుబోతు:
మనూర్లో కాస్త పాతగా, స్తంభాలు లావుగా కనిపిస్తే చాలు డచ్చి బంగ్లా అనేస్తారు గురూ, మీ పెదనాన్న గారి తప్పేం లేదు. డచ్చివాళ్ళ మకాం ప్రధానంగా భీమిలి, 1825లో అది ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చేసింది, అక్కడి సమాధులు చూస్తే వాళ్ళ కాలం తెలుస్తుంది. విశాఖలో 1680ల నుంచీ ఫ్యాక్టరీ పెట్టుకున్నది ఈస్టిండియా కంపెనీ. మీ కోటవీధి పక్కన ఒకప్పుడున్న కోట కూడా వాళ్ళదే. తర్వాత తర్వాత దొరలు గాలి బాగుంటుందని వాల్తేరు మెట్టకి మారిపోయారు, పాతవూళ్ళో వ్యాపారులూ జమీందార్ల టౌన్ ఇళ్ళూ మిగిలాయి.

ఇక పెంకు సంగతి. 1865 అనేది మీ ఇల్లు కట్టిన ఏడాది కాదు. మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు పెంకుల ఫ్యాక్టరీ మొదలెట్టిన ఏడాది, తర్వాత ఎన్నో ఏళ్ళు అదే అచ్చు గుద్దారు. ఇది చూసి చాలామంది ఇంటి వయసు ముప్పై నలభై ఏళ్ళు పెంచేసుకుంటారు. ఇనప దూలం ఇంకా మంచి సాక్షి. డార్మన్ లాంగ్ ఇంగ్లండులో మిడిల్స్‌బ్రో కంపెనీ, 1875లో పుట్టింది, అంటే ఆ దూలం అంతకుముందు ఇక్కడికి వచ్చే ఛాన్సే లేదు. 1893-96 మధ్య ఈస్ట్‌కోస్ట్ రైలు లైను పడ్డాక ఇలాంటి బరువు సరుకు రావడం తేలికైంది. కాబట్టి నా లెక్కలో ఇల్లు 1890కి 1920కి మధ్యది. కాకపోతే వెనక సగం ముందే ఉండి ముందు సగం తర్వాత కలిపి ఉండొచ్చు, రెండు భాగాలూ కలిసేచోట గోడలో నిలువు అతుకు ఉందేమో చూడండి, ఇటుక సైజు కూడా రెండు చోట్లా కొలవండి. ఊళ్ళో బొబ్బిలి రాజావారు కట్టించిన టౌన్‌హాలు, 1920 ప్రాంతపు జైపూర్ మహారాజా హవామహల్, ఇవన్నీ దాదాపు అదే తరం.

ఒక ఫోటో పెట్టండి సార్, దూలం దగ్గరగా.

సున్నపు_గానుగ:
కన్జర్వేషన్ సైట్లలో పని చేస్తాను, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఏమనుకోవద్దు.

ఆ నున్నటి గోడని దయచేసి ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. అది మద్రాస్ చునాం. ఆల్చిప్పలు కాల్చిన సున్నాన్ని మెత్తగా నూరి, పల్చటి పూతలు పూతలుగా వేసి, గుండ్రాయితో రుద్ది రుద్ది మెరుపు తెప్పించేవాళ్ళు, కొన్నిచోట్ల కోడిగుడ్డు తెల్లసొన కూడా కలిపేవారు. మనం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే కదా, మేస్త్రీలు అటూ ఇటూ తిరిగేవాళ్ళు. ఇప్పుడు అలా చేసేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టాలి.

మీ చదును డాబా మద్రాస్ టెర్రస్ అయ్యుంటుంది. కింద నుంచి చూస్తే దూలాల మధ్య ఇటుకలు నిలువుగా, ఏటవాలు వరసల్లో కనిపిస్తాయి. వాటిమీద ఇటుకముక్కలూ సున్నం కలిపి పరిచి, బెల్లం కరక్కాయ నీళ్ళు చల్లుకుంటూ ఆడకూలీలు చెక్క బడితెలతో రోజుల తరబడి దంచేవాళ్ళు, పైన పలక ఇటుకలు. కింద చెక్క బాగుంటే ఆ పద్ధతి వందేళ్ళు దాటి కూడా నిలుస్తుంది. ఎప్పుడు చెడుతుందంటే డాబా మీద నీళ్ళు పోయే గొట్టం పూడిపోయినప్పుడు. నీళ్ళు నిలుస్తాయి, గోడలోకి దిగే దూలం చివర నానుతుంది, చెదలు పడతాయి, ఓరోజు కూలుతుంది. జనం దూలం నడుమ తట్టి చూసి గట్టిగానే ఉంది అనుకుంటారు, పుచ్చేది మాత్రం గోడలో దాక్కున్న ఆ జానెడు చివర. అక్కడ సన్నటి స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి, వెన్నలోకి దిగినట్టు దిగితే వెంటనే కింద సెంట్రింగ్ జాకీలు (దూలానికి ఆసరాగా నిలబెట్టే ఇనప పోట్లు) పెట్టించండి, అప్పటిదాకా ఆ గదిలో ఎవరూ నడవకూడదు.

సిమెంట్ విషయం. వద్దు. గోడ లోపల కొండరాయీ ఇటుకా గానుగ సున్నంతో కట్టి ఉంటాయి, మన కొండల రాయి ఖోండలైట్, అది తేమ పీలుస్తుంది. నేలలోంచీ సముద్రపుగాలిలోంచీ వచ్చిన తేమ, ఉప్పూ ఇన్నాళ్ళూ సున్నపు గారలోంచి మెల్లగా బయటికి పోతున్నాయి. గార పెచ్చులూడుతుంది, అది ఊడటం కోసమే ఉంది, మళ్ళీ వేసుకుంటాం. దానిమీద సిమెంట్ పూస్తే తేమకి దారి మూసుకుపోతుంది, ఉప్పు లోపలే గడ్డకట్టి రాయినీ ఇటుకనీ పిండి చేస్తుంది, బయటికేమో కొత్త గోడలా ఉంటుంది. నాలుగైదు వానాకాలాల తర్వాత సిమెంట్ పలకలు పలకలుగా ఊడుతూ పాత ఇటుక ముఖాన్ని కూడా లాక్కొస్తుంది. స్లాబ్ కూడా అంతే, సముద్రం ఇంత దగ్గర్లో కమ్మీలు ఎంత తొందరగా తుప్పు పడతాయో వైజాగ్ వాళ్ళకి నేను చెప్పాలా.

రావిచెట్టుని పీకొద్దు, వేళ్ళతో పాటు గోడ కూడా వచ్చేస్తుంది. మొదలు దాకా కోసి, మోడుకి కన్నాలు పెట్టి మందు వేసి చంపాలి, ఎండాక ఆ సందు సున్నంతో నింపాలి. ఇంట్లో పెద్దవాళ్ళు రావిచెట్టు కొట్టకూడదంటే వాళ్ళతో ముందే మాట్లాడుకోండి, పని మధ్యలో ఆగకుండా ఉంటుంది. సున్నం పని సంక్రాంతి దాటాక మొదలుపెట్టుకోండి, గార నెమ్మదిగా గాలి పీల్చుకుంటూ గట్టిపడాలి, గోనెపట్టాలు కప్పి తడుపుతూ ఉండాలి. అక్టోబరు తుపాన్ల టైములో డాబా విప్పి కూర్చోకండి, హుద్‌హుద్ అక్టోబరు 12నే కదా వచ్చింది.

ప్రాక్టికల్_బాబాయ్:
అంతా బానే సెప్పారు గానీ డబ్బులెవులిస్తారండీ? పాత మేడ బాగుసెయ్యడానికయ్యే ఖర్చుతో కొత్తిల్లు కట్టుకోవచ్చు. 1948 చట్టంతో జమీందారీలు పోయాక ఈ పెద్దిళ్ళు మెంటైన్ సేసేవోళ్ళే నేరు, అద్దెకున్నోడు కాళీ సెయ్యడు, అన్నదమ్ములు కోర్టుకెల్తారు, ఇల్లు మద్దిలో సస్తాది. ఇదే కత పాతవూర్నో ఎన్ని ఇళ్ళకో. వాటాదారులంతా ఒక మాట మీదకొచ్చి అమ్మేసుకోండి, సెంటిమెంట్ కూడెట్టదు.

కాగితాల_పిచ్చి:
బాబాయ్ గారన్న వాటాల ముక్క నూటికి నూరుపాళ్ళు నిజం, అందుకే ముందు అదే తేల్చుకోవాలి. ఒక్క వాటాదారు రిపేరు మీద ఖర్చుపెట్టి తర్వాత వాటాల పంపకం కోసం వేసే పార్టిషన్ సూట్‌లో ఏడ్చినవాళ్ళని చూశాను. అందరి దగ్గరా సంతకంతో ఒక కాగితం తీసుకుని మొదలుపెట్టండి.

లాగేసుకుంటారనే భయం గురించి. పాత కట్టడాల రక్షణకి కేంద్రం తెచ్చిన 1958 చట్టమైనా, రాష్ట్రం తెచ్చిన 1960 చట్టమైనా వందేళ్ళు నిండగానే ఇల్లు దానంతటదే రక్షిత కట్టడం అయిపోదు. ప్రభుత్వం నోటిఫై చెయ్యాలి, అభ్యంతరాలకి గడువు ఇవ్వాలి. మామూలు ఇళ్ళ జోలికి వాళ్ళు రావడం చాలా అరుదు, నిజం చెప్పాలంటే రమ్మని బతిమాలినా రారు. ఇంటాక్ (పాత కట్టడాల పరిరక్షణకి పనిచేసే సంస్థ) వాళ్ళు తమ లిస్టులో రాసుకున్నా దానికి చట్టబలం ఏమీ లేదు, మీ హక్కులు మీవే. కానీ హెరిటేజ్ కట్టడంగా అధికారికంగా గుర్తింపు వస్తే టీడీఆర్ ఇచ్చే వీలు మన బిల్డింగ్ రూల్స్‌లో ఉంది, అంటే అక్కడ కట్టుకోని అంతస్తుల హక్కుని ఇంకొకరికి అమ్ముకోవచ్చు. ప్రాక్టికల్ బాబాయ్ గారి ప్రశ్నకి కొంత జవాబు అందులో దొరుకుతుంది, జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) టౌన్ ప్లానింగ్‌లో రాతపూర్వకంగా అడగండి.

నోటీసుకి మాత్రం ఊరుకోవద్దు. స్ట్రక్చరల్ ఇంజనీరు రిపోర్టు పెట్టి రిపేరుకి టైమ్ కావాలని జవాబివ్వండి, జవాబు లేకపోతే కూల్చడానికి మీరే దారిచ్చినట్టు. ఆ ఇంజనీరు సున్నం కట్టడాలు తెలిసినవాడై ఉండాలి, లేకపోతే రిపోర్టులో స్లాబే వస్తుంది. కాలం తేల్చడానికి టౌన్ సర్వే రికార్డు, రిజిస్ట్రార్ ఆఫీసులో పాత చేతిరాత దస్తావేజులు చూడండి. దస్తావేజులో హద్దులు చెప్పేటప్పుడు "పెంకుటిల్లు", "మేడ" అని రాస్తారు, ఏ దస్తావేజు నుంచి మేడ అని మొదలైందో చూస్తే ముందు సగం ఎప్పుడు కట్టారో దొరికిపోవచ్చు. 1907 నాటి జిల్లా గెజిటీర్‌లో మీ ఇల్లు ఉండదు గానీ అప్పటి ఊరి రూపం తెలుస్తుంది.

కోటవీధి_మనవడు:
అందరికీ థ్యాంక్స్ అండీ. గానుగ గారూ, నిన్న మా తమ్ముడు వెళ్ళి డాబా గొట్టాల్లో మట్టీ ఆకులూ తీయించాడు. దూలం చివర గుచ్చితే ఉత్తరం వైపు రెండింట్లో స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగిపోయింది, జాకీలకి చెప్పాం. పెదనాన్న గారికి పెంకు సంగతి చెప్తే ఆ పెంకులు తర్వాత మార్చినవి, ఇల్లు డచ్చివాళ్ళదే అంటున్నారు, ఆయన్ని ఒప్పించడం నా వల్ల కాదు. గానుగ సున్నం పట్టే మేస్త్రీలు శ్రీకాకుళం, విజయనగరం వైపైనా ఎవరైనా ఉన్నారా?

సున్నపు_గానుగ:
ఉన్నారు, మెసేజ్ పెట్టండి. ఉత్తరం వైపు రెండూ పక్కపక్కనే ఉన్న దూలాలైతే పై డాబా మీదకి మనిషిని ఎక్కనివ్వకండి. జాకీల కింద నేల మీద అడ్డంగా మందపాటి చెక్కలు వేయించండి, పాత గచ్చులోకి దిగబడకుండా.