'పంచ్' అనే ఆంగ్లపదం ఒకటేనా, మూడు పదాలా?

ప్రశ్న: తెనాలి అధ్యాపకురాలు

సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు ఆంగ్లం బోధిస్తాను. నానార్థ పదాల పాఠంలో ఈ వారం 'పంచ్' అనే మాట చర్చకు వచ్చింది. పిడికిలితో గుద్దడం, కాగితానికి గాని రేకుకు గాని రంధ్రం వేసే పనిముట్టు, విందుల్లో పెద్ద పాత్రలో కలిపి అందరికీ పోసే పానీయం, ఇంగ్లండు బొమ్మలాటలో వంకర ముక్కు పాత్ర పేరు, ఇవన్నీ ఒకే అక్షరక్రమంతో నిఘంటువులో ఉన్నాయి. ఒక విద్యార్థి లేచి, ఇది మన 'పంచ' శబ్దమేనని, ఐదు వేళ్లూ ముడిస్తే పిడికిలి అవుతుంది గనుక గుద్దుకు ఆ పేరు వచ్చిందని చెప్పాడు. తరగతిలో అందరికీ ఆ వివరణ నచ్చింది గాని నాకు నమ్మకం కుదరలేదు. పానీయానికి మాత్రం భారతీయ మూలం ఉందని ఎక్కడో చదివాను. ఈ అర్థాలలో ఏవి ఒక మూలానికి చెందినవి, ఏవి కేవలం ఉచ్చారణలో కలిసిపోయినవి? మనం తెలుగులో వాడుతున్న 'పంచ్ డైలాగ్', కార్యాలయాల్లో హాజరుకు అనే 'పంచింగ్' వీటిలో ఏ శాఖకు చెందుతాయి?

జవాబు 1: పదమూలాల పాఠకుడు

అమ్మా, మీ సందేహం సరైనదే. గుద్దుకూ మన 'పంచ'కూ ఏ సంబంధమూ లేదు. గుద్దు, రంధ్రం వేసే పనిముట్టు మాత్రం ఒకే కుటుంబంలోవి. లాటిన్‌లో 'పుంగెరె' అంటే పొడవడం, గుచ్చడం. దాని నుంచి పుట్టిన ఒక పదం ప్రాచీన ఫ్రెంచిలో మొన ఉన్న పనిముట్టుకు పేరై, అక్కడి నుంచి ఆంగ్లంలోకి 'పంచన్' అనే రూపంలో వచ్చి, చివరి భాగం రాలిపోగా 'పంచ్' మిగిలింది. పాయింట్, పంక్చర్, పంక్చువల్ అనే మాటలు కూడా ఆ లాటిన్ ధాతువు సంతానమే. కాలాన్ని సూదిమొనంత కచ్చితంగా పాటించేవాడు పంక్చువల్ అన్నమాట.

క్రియగా 'పంచ్' అన్నప్పుడు మొదటి అర్థం పిడిగుద్దు కాదు, కర్రతోనో మొనతోనో పొడవడం. అమెరికాలో పశువులను తోలేవారిని 'కౌపంచర్' అనడంలో ఆ పాత అర్థం ఇంకా నిలిచి ఉంది. వారు పశువులను పొడిచి నడిపించేవారే గాని పిడికిలితో గుద్దేవారు కారు. పిడికిలితో కొట్టడం అనే అర్థం 16వ శతాబ్దం నాటికి స్థిరపడింది. ఆ దెబ్బలోని బలం మాటకు వర్తించి, 20వ శతాబ్దపు తొలినాళ్లలో అమెరికా ఆంగ్లంలో 'పంచ్‌లైన్' వచ్చింది. మన 'పంచ్ డైలాగ్' దానికి తెలుగు సినిమా పరిశ్రమ ఇచ్చిన రూపం.

రంధ్రం వేసే అర్థం మరో దారిలో చాలా దూరం పోయింది. జక్కార్డ్ మగ్గంలో నేత నమూనాను నడిపించేవి రంధ్రాలు వేసిన అట్టలే. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ అటువంటి కార్డులతోనే యంత్రం చేత లెక్కింపజేశాడు. పాత ఆర్టీసీ బస్సుల్లో కండక్టరు టికెట్టుకు రంధ్రం వేసిన చిన్న పనిముట్టు కూడా ఈ శాఖదే. కార్ఖానాల్లో కార్మికులు రాకపోకల వేళలను గడియారపు యంత్రంలో కార్డు పెట్టి నమోదు చేసుకునే పద్ధతి నుంచి 'పంచింగ్' వచ్చింది. ఇప్పుడు కార్డు పోయి వేలిముద్ర వచ్చినా మాట మాత్రం మారలేదు.

మీ విద్యార్థి ఊహను పూర్తిగా కొట్టివేయకండి. పిడికిలికి ఆంగ్లంలో ఉన్న 'ఫిస్ట్' అనే మాటకు ఐదు అనే సంఖ్యాపదంతో చుట్టరికం ఉందని కొందరు భాషాశాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఆంగ్లపు 'ఫైవ్', గ్రీకు 'పెంతె', సంస్కృత 'పంచ' ఒకే మూలరూపం నుంచి వచ్చినవి గనుక ఐదు వేళ్ల ఆలోచనకు చోటు ఉన్నది 'ఫిస్ట్' దగ్గర, 'పంచ్' దగ్గర కాదు.

జవాబు 2: బాపట్ల చరిత్ర విద్యార్థి

పానీయం సంగతి నేను చెబుతాను. ఇందులో మన తీరానికి నేరుగా సంబంధం ఉంది, అది చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఈ అర్థంలో 'పంచ్' అనే మాటకు ఇప్పటివరకు చూపుతున్న తొలి ఆంగ్ల ఆధారం 1632 సెప్టెంబరు 28 నాటి ఒక ఉత్తరం. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న రాబర్ట్ ఆడమ్స్ దానిని పెటపోలిలోని వర్తకుడు థామస్ కాలీకి రాశాడు. ఆంగ్లేయులు పెటపోలి అన్నది నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నాన్ని. పక్కనే ఉన్న పెద్దపల్లె పేరు వారి నోట అలా మారింది. 1611లో ఆంగ్లేయుల ఓడ 'గ్లోబ్' ఈ తీరానికి వచ్చినప్పుడు తూర్పు తీరంలో వారి వర్తకం మొదలైంది ఇక్కడే, ఆ తరువాతే మచిలీపట్నంలో. ఉత్తరంలో ఆడమ్స్ పంచ్ తాగడాన్ని మామూలు విషయంగా ప్రస్తావించాడే తప్ప అదేమిటో వివరించలేదు. అంటే అది అందుకునే మనిషికి అప్పటికే తెలిసిన మాట, ఈ తీరపు ఆంగ్ల వర్తకుల మధ్య వాడుకలో ఉన్న మాట అని నేను అర్థం చేసుకుంటున్నాను.

ఐదుతో ఈ మాటకు ముడిపెట్టినవాడు జాన్ ఫ్రయర్ అనే ఆంగ్ల వైద్యుడు. 1670లలో భారతదేశంలో తిరిగి, 1698లో అచ్చయిన తన యాత్రావర్ణనలో, గోవా సమీపంలోని నేరూల్‌లో దొరికే సారాతో ఆంగ్లేయులు ఈ పానీయం చేస్తారని, ఐదు పదార్థాలు కలుపుతారు గనుక హిందుస్తానీలో ఐదు అనే మాట దాని పేరైందని రాశాడు. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, మసాలా దినుసు అని ఆ ఐదింటిని సాధారణంగా లెక్కిస్తారు.

జవాబు 3: నిఘంటు పరిశీలకుడు

పై జవాబులోని ఉత్తరం విషయం నిస్సందేహమైనది, కాని ఫ్రయర్ చెప్పిన వ్యుత్పత్తిని అంత తేలికగా అంగీకరించకూడదని నా మనవి. అతడు ఆ మాట రాసేనాటికి పానీయం పుట్టి అర్ధశతాబ్దం కావస్తోంది. 1638లో సూరత్ చేరిన జర్మన్ యాత్రికుడు మాండెల్స్‌లో అక్కడి ఆంగ్లేయులు తాగే ఇటువంటి పానీయంలో సారా, పన్నీరు, నిమ్మజాతి పండ్ల రసం, చక్కెర ఉన్నాయని రాశాడు. లెక్కపెడితే అవి నాలుగే. పైగా అతడు దానిని 'పలెపుంట్స్' అన్నాడు. ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ బెంగాల్ ప్రస్తావనలో 'బూల్‌పోంజ్' అన్నాడు. రెండూ 'బౌల్ ఆఫ్ పంచ్' అనే మాటను విన్నట్టుగా రాసుకున్న రూపాలు. రెండింటిలోనూ వినిపించేది ఉకారమో ఒకారమో గాని అకారం కాదు. అందువల్లనే పెద్ద పీపాకు పేరైన 'పంచన్' నుంచి నావికులు ఈ మాటను కుదించుకున్నారనే మరో ప్రతిపాదన కూడా వచ్చింది.

జవాబు 2 రచయిత తిరిగి

అచ్చుల అభ్యంతరం ముఖ్యమైనదే. అయితే మన హ్రస్వ అకారాన్ని ఆంగ్లేయులు తమ లిపిలో యూ అక్షరంతో రాయడం మామూలు. పంజాబ్, పండిట్, బంగళా అన్నింటికీ అదే గతి పట్టింది. అలా రాసిన మాటను కొత్తగా వచ్చిన నావికుడు తన యాస ప్రకారం ఉకారంతో పలికి ఉండవచ్చు, జర్మన్, ఫ్రెంచి యాత్రికులు అతని నోటి నుంచే విని ఉండవచ్చు. పదార్థాల సంఖ్య ఊరూరా మారడం ఏ వంటకానికైనా సహజమే. పీపా వాదానికి ఆ కాలపు రచనల్లో ఎవరి సాక్ష్యమూ లేదు, ఐదు వాదానికి ఫ్రయర్ సాక్ష్యం ఉంది. నా మొగ్గు అటే.

జవాబు 4: బొమ్మలాటల అభిమాని

బొమ్మ పేరు ఈ రెండింటికీ చెందదు. ఇటలీలోని నేపుల్స్ నాటకాల్లో 'పుల్చినెల్లా' అనే హాస్యపాత్ర ఉంది. ఆ పేరును కోడిపిల్ల అనే అర్థమున్న ఇటాలియన్ మాటతో కలిపి చెబుతారు, కోడి ముక్కులాంటి అతని ముక్కే అందుకు కారణమంటారు. 1662 మే 9న లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో ఇటాలియన్ బొమ్మలాట చూసినట్టు సామ్యుయెల్ పీప్స్ తన దినచర్యలో రాసుకున్నాడు. ఆంగ్లేయుల నోట ఆ పేరు 'పంచినెల్లో' అయి, చివరికి 'పంచ్' అయింది. అతని భార్య జూడీ. వారిద్దరి తగాదాలు చూసినప్పుడల్లా మన తోలుబొమ్మలాటలోని కేతిగాడు, బంగారక్క నాకు గుర్తుకు వస్తారు. 1841లో లండన్‌లో మొదలైన హాస్యపత్రిక ఈ బొమ్మ పేరే పెట్టుకుంది, దాని అడుగుజాడల్లో 1877లో లక్నోలో ఉర్దూ 'అవధ్ పంచ్' వెలువడింది. పొట్టిగా, బలిష్ఠంగా ఉండే సఫోక్ గుర్రాలకు 'పంచ్' అని పేరు రావడానికి కూడా పొట్టిగా లావుగా ఉండే ఈ బొమ్మ ఆకారమే కారణమని చెబుతారు. బొమ్మ చేతిలోని కర్ర దెబ్బలను చూసి గుద్దు అర్థం ఇక్కడి నుంచి పుట్టిందని కొందరు అనుకుంటారు. అది కుదరదు, ఎందుకంటే బొమ్మ ఇంగ్లండు చేరడానికి ముందే గుద్దు అర్థం ఉంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. గుద్దు, పనిముట్టు ఒక పదమని, పానీయం రెండవదని, బొమ్మ మూడవదని తరగతిలో చెబుతాను. పానీయం దగ్గర రెండు వాదాలనూ ముందుంచి, యాత్రికులు రాసిన రూపాలను బల్లమీద రాసి, ఏది సమంజసమో విద్యార్థులనే వాదించమంటాను. నిజాంపట్నం మా ఊరికి దూరం కాదు, విద్యార్థుల్లో ఆ తీరపు పల్లెల నుంచి వచ్చేవారు కూడా ఉన్నారు. 1611 నాటి వర్తకస్థావరం గురించి చదవదగిన తెలుగు రచనలు ఉంటే జవాబు 2 రాసిన వారు దయచేసి తెలియజేయగలరు.