అప్‌డేట్: బందరు డచ్ సమాధులు చూసి వచ్చాను

మా అమ్మమ్మగారి ఊరు మచిలీపట్నం చరిత్రను ఎక్కడ మొదలుపెట్టి తెలుసుకోవాలని ఇక్కడ అడిగాను. పాత సమాధులతో మొదలుపెట్టమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. వారికి నా ధన్యవాదాలు.

డచ్ శ్మశానానికి ఉదయాన్నే వెళ్లమన్న సలహా ఎంతో మేలు చేసింది. ఎండ ఏటవాలుగా పడినప్పుడు, అరిగిపోయిన అక్షరాలు కూడా నీడతో తేలి కనిపిస్తాయి. పడుకోబెట్టిన పెద్ద రాతిపలకల మీద వంశ చిహ్నాలు, వాటి కింద పొడుగాటి శాసనాలు. ఆ చెక్కడపు పనితనం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. ఇది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం. అక్షరాలు కనబడాలని సుద్దముక్కతో రుద్దడం లాంటివి దయచేసి చేయకండి, రాయి పాడవుతుంది.

డచ్ వారు 1605లో ఇక్కడికి వచ్చారు, ఆంగ్లేయులు 1611లో. గోల్కొండ సుల్తానుల రేవు ఇది. ఇక్కడి అద్దకం బట్టల కోసం సముద్రాలు దాటి వచ్చినవారిలో కొందరు తిరిగి వెళ్లనే లేదు. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా చదివిన వ్యాపారం నాకు అక్కడ మనుషులుగా కనిపించింది.

ఒక్క విషయం మాత్రం మనసును తొలుస్తోంది. 1864 నవంబరు ఉప్పెనలో ఈ ప్రాంతంలో దాదాపు ముప్పై వేల మంది పోయారు. వారిలో పేరు చెక్కిన రాయి ఎందరికి దక్కి ఉంటుంది? ఆ ఉప్పెన గురించి ఇంట్లో పెద్దలు చెప్పిన మాటలు ఎవరికైనా గుర్తుంటే రాయండి. ఈసారి భీమునిపట్నం డచ్ సమాధులకు వెళ్తున్నాను.