ఫారిన్‌లో ట్రైనింగ్ చేసిన లాంగ్ డిస్టెన్స్ రన్నర్స్ ఎవరైనా ఉన్నారా? మీ అనుభవం చెప్పండి

కొత్తరన్నర్22:
హాయ్ అందరికీ. నా 5000 మీటర్ల బెస్ట్ టైమ్ 14:21, వయసు 22. కెన్యాలో ఎత్తు మీదుండే ఇటెన్ అనే ఊరికి ట్రైనింగ్ కోసం 3 నెలలు వెళ్ళే ఛాన్స్ వచ్చింది, ఫ్లైట్ టికెట్ ఒకాయన పెట్టుకుంటానన్నారు, ఉండటానికి తిండికి ఖర్చు నాదే. కోచ్ వెళ్ళిపో అంటున్నారు, ఇంట్లో మాత్రం డిగ్రీ అయ్యాక చూద్దాం అంటున్నారు. వీడియోల్లో అంతా బాగానే చూపిస్తారు, వెళ్ళొచ్చినవాళ్ళు అక్కడ నిజంగా ఎలా ఉంటుందో చెప్పండి ప్లీజ్.

ఎర్రమట్టి:
తమ్ముడూ నేను రెండుసార్లు వెళ్ళొచ్చా, మొదటిసారి పూర్తిగా వేస్ట్ చేసుకున్నా కాబట్టి అదే చెప్తా. ఇటెన్ 2400 మీటర్ల ఎత్తు, ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు నాలుగో వంతు తక్కువ. ఇది చదివే వెళ్ళా, కానీ చదవడం వేరు. రెండో రోజు పొద్దున ఆరింటికి ఇంకా చీకటిగానే ఉంది, రోడ్డు మీద ఒక పదిమంది గ్రూప్ బయల్దేరారు, ఎంత నెమ్మదిగా అంటే కిలోమీటర్ ఆరు నిమిషాలు, నాకు ఓపిక పట్టక రెండు కిలోమీటర్లు వాళ్ళ ముందు పరిగెత్తా. తర్వాత ఎత్తు ఎక్కడం మొదలైంది. వాళ్ళు కబుర్లు చెప్పుకుంటూనే నన్ను దాటేశారు, నేను నడుములు పట్టుకుని ఆ ఎర్రమట్టిలో నిలబడిపోయా, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అయినా బుద్ధి రాలేదు, గురువారం ఫార్ట్‌లెక్‌కి (కాసేపు స్పీడ్‌గా, కాసేపు నెమ్మదిగా మార్చి మార్చి పరిగెత్తడం) కూడా వెళ్ళా, వందమందికి పైనే వస్తారు దానికి, మూడో వారానికి నిద్ర లేదు ఆకలి లేదు, ఇంటికొచ్చి రేస్‌లో నా పాత టైమ్ కంటే 20 సెకన్లు వెనక.
రెండోసారి మొదటి పది రోజులు ఈజీ రన్స్ తప్ప ఏమీ ముట్టుకోలేదు. అప్పుడు పనిచేసింది.

ఫిజియోఅక్క:
వెళ్ళేముందు ఫెరిటిన్ టెస్ట్ చేయించుకో బాబూ, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో అది చెప్తుంది. హైట్‌లో కిడ్నీలు ఈపీఓ అనే హార్మోన్ ఎక్కువ వదుల్తాయి, దాంతో ఎర్ర రక్తకణాలు పెరగాలి, కానీ వాటికి ఐరన్ కావాలి. నిల్వ లేకపోతే మూడు నెలలున్నా రావాల్సినంత లాభం రాదు, అలసట మాత్రం మిగుల్తుంది. నా దగ్గరికొచ్చే అమ్మాయిల్లో ఇది మరీ ఎక్కువ, హిమోగ్లోబిన్ నార్మల్ అని ధీమాగా ఉంటారు, ఫెరిటిన్ చూస్తే అడుగంటిపోయి ఉంటుంది. టెస్ట్ డాక్టర్‌కి చూపించకుండా సొంతంగా మాత్రలు మాత్రం మింగొద్దు, ఐరన్ ఎక్కువైనా ప్రమాదమే.

చివరిల్యాప్:
అందరూ ఎత్తు గురించే మాట్లాడతారు, నా దృష్టిలో అసలు సంగతి ముందు పరిగెత్తే మనిషి. మన 5000 రికార్డు చూడండి, బహదూర్ ప్రసాద్ 1992లో పెట్టిన 13:29.70 ముప్ఫై ఏళ్ళు కదల్లేదు. 2022లో అవినాష్ సాబ్లే అమెరికాలో శాన్ జువాన్ కాపిస్ట్రానోలో 13:25.65 పరిగెత్తాడు. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో స్టీపుల్‌చేజ్ (అడ్డంకులు, నీటి గుంట దాటుతూ పరిగెత్తే 3000 మీటర్ల రేస్) 8:11.20, గెలిచిన కెన్యా అతనికీ ఇతనికీ తేడా 0.05 సెకను! ఆ రేస్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఆఖరి మీటర్లు చూస్తే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. తర్వాత గుల్వీర్ సింగ్ 2025 ఫిబ్రవరిలో బోస్టన్ ఇండోర్‌లో 5000 మీటర్లు 12:59.77, 13 నిమిషాల లోపు వెళ్ళిన మొదటి ఇండియన్. ఇద్దరూ కొలరాడో స్ప్రింగ్స్‌లో ట్రైన్ అయినవాళ్ళే. ఎత్తు కలిసొచ్చింది, కాదనను, కానీ ఇక్కడ మూడో ల్యాప్ నుంచి ఒక్కడే ముందుండి గాలికి ఎదురెళ్ళేవాడికి, అక్కడ పదిమంది వెనక దాక్కుని పరిగెత్తే అవకాశం దొరికింది. కాబట్టి నువ్వు అడగాల్సింది ఎన్ని మీటర్ల ఎత్తు అని కాదు, రోజూ ఎవరితో పరిగెత్తుతావు అని.

కాలేజ్‌ట్రాక్:
నేను స్కాలర్‌షిప్ మీద అమెరికా కాలేజ్‌కి వెళ్ళా, అది ఇంకో దారి. 1978లో హెన్రీ రోనో వాషింగ్టన్ స్టేట్‌లో చదువుకుంటూనే 81 రోజుల్లో నాలుగు వరల్డ్ రికార్డులు కొట్టాడు, ఆ కథ విని వెళ్ళినవాణ్ణి. కానీ ఏడాదిలో మూడు సీజన్లు, క్రాస్ కంట్రీ, ఇండోర్, అవుట్‌డోర్, టీమ్‌కి పాయింట్లు కావాలి కాబట్టి దింపుతూనే ఉంటారు. నా స్కాలర్‌షిప్ ఏటా రెన్యూ చేసేది, షిన్‌లో (మోకాలి కింద ముందు ఎముక) నొప్పి ఉందని చెప్తే ఎక్కడ ఆగిపోతుందో అని చెప్పలేదు, చివరికి స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్న పగులు), కాలికి కట్టే మెడికల్ బూట్ వేసుకుని ఎనిమిది వారాలు. డిగ్రీ మాత్రం చేతికొచ్చింది, దానికి ఎప్పటికీ రుణపడి ఉంటా. వెళ్ళేవాళ్ళు నొప్పి వస్తే ఎవరికి చెప్పాలి, ఎవరు ఆపుతారు అన్నది ముందే అడిగి తెలుసుకోండి.

తెల్లవారుజాము:
ఒక విషయం ఎవరూ చెప్పలేదు. డోపింగ్ టెస్టింగ్ పూల్‌లో (ఎప్పుడైనా వచ్చి టెస్ట్ చేసే అథ్లెట్ల లిస్ట్) పేరుంటే ప్రతిరోజూ ఒక గంట ఎక్కడుంటారో ముందే రాసివ్వాలి, 12 నెలల్లో మూడుసార్లు అలా దొరక్కపోతే డోపింగ్ కేసే, మందు ముట్టకపోయినా. నేను యూరప్‌లో క్యాంప్‌లో ఉన్నప్పుడు రూమ్ మారాను, అడ్రస్ మార్చడం మర్చిపోయా. టెస్ట్ చేసేవాళ్ళు పాత రూమ్ తలుపు కొట్టి వెళ్ళిపోయారు. ఒక మిస్ పడింది, ఆ మిగతా ఏడాది రాత్రి పడుకునేముందు ఫోన్‌లో అడ్రస్ మూడుసార్లు చూసుకునేదాన్ని. యూరప్‌కి షెంగెన్ వీసా అయితే 180 రోజుల్లో 90 రోజులే ఉండొచ్చు, అది కూడా లెక్కేసుకుని రేసులు పెట్టుకోవాలి.
ఒంటరితనం గురించి కూడా రాద్దామనుకున్నా, ఇంకోసారి.

ఎర్రమట్టి:
అది ఇప్పుడే రాయండి అక్కా, అదే ముఖ్యం. మధ్యాహ్నం రెండు రన్‌ల మధ్య ఐదారు గంటలు మంచం మీద పడుకోవడం తప్ప పనుండదు, కోలుకోవాలంటే అదే కావాలి, కానీ ఆ గంటల్లోనే ఇల్లు గుర్తొస్తుంది. నాకు పక్క రూమ్ కుర్రాడు స్వాహిలి నేర్పాడు, రోజుకి పది మాటలు. పోలె పోలె అంటే మెల్లగా మెల్లగా అని, అందరూ నాకు చెప్పే మాట అదే.

తెల్లవారుజాము:
సామ్యూల్ వంజిరు 15 ఏళ్ళకి కెన్యా నుంచి జపాన్ వెళ్ళాడు, భాష రాదు, చలి, అయినా నిలబడి 2008 బీజింగ్ ఒలింపిక్ మారథాన్ 2:06:32లో గెలిచాడు, అదీ ఆ ఎండలో. ఏడుపొచ్చిన రోజుల్లో ఆ 15 ఏళ్ళ పిల్లాణ్ణి తల్చుకునేదాన్ని. అమ్మకి రోజూ ఒకే టైమ్‌కి ఫోన్ చేయడం నాకు బాగా పనిచేసింది, రన్ బాలేని రోజు కూడా.

కొత్తరన్నర్22:
అందరికీ చాలా థ్యాంక్స్. ఫిజియోఅక్క చెప్పినట్టు మొన్న టెస్ట్ చేయించా, ఫెరిటిన్ 17, తక్కువే. డాక్టర్ మందులిచ్చి మళ్ళీ మూడు నెలలకి రమ్మన్నారు. టికెట్ పెట్టే ఆయనతో మాట్లాడితే పరీక్షలు రాసేసి వెళ్ళమన్నారు, ఇంట్లో కూడా ఒప్పుకున్నారు. ఈలోపు ఇటెన్‌లో నా టైమ్‌కి దగ్గరగా ఉండే గ్రూప్ ఏదైనా ఉంటే ఎర్రమట్టి అన్నా, మెసేజ్ పెడతారా? వాళ్ళు ఆరు నిమిషాలకి పరిగెత్తితే నేనూ ఆరుకే పరిగెత్తుతా.