హైతీ బడికి మా సంఘం డబ్బు: గోడలకా, జీతాలకా?

బడిగంట: మేం అమెరికాలో ఉంటాం, మా సంఘానికి హైతీలో లె కాయ్ వైపు ఓ పల్లె చర్చి బడితో ఏళ్ళుగా పార్ట్‌నర్‌షిప్ ఉంది. 2021 ఆగస్టు 14 భూకంపంలో దాని గోడలు పోయాయి. ఇప్పుడు కమిటీలో సగం మంది కొత్త బిల్డింగ్ అంటున్నారు, మిగతావాళ్ళు ముందు టీచర్ల జీతాలు అంటున్నారు. మీరేమంటారు?

సూటిమాట: నేనైతే రెండూ వద్దంటా. బడి నడపడం సర్కారు పని. 2010 జనవరి భూకంపం తర్వాత చూశాంగా, వేల బడులు పాడైతే ఎవరికి తోచినచోట వాళ్ళు కట్టుకుంటూ పోయారు, ఈ ఊరికి స్పాన్సర్ దొరికాడు పక్క ఊరికి దొరకలేదు అంతే సంగతి. అప్పుడే సాయం అంటూ వెళ్ళిన పదిమంది అమెరికన్ బాప్టిస్టులు 33 మంది పిల్లల్ని సరైన కాగితాల్లేకుండా పక్క దేశం డొమినికన్ రిపబ్లిక్‌కి తీసుకెళ్ళబోయి అరెస్టయ్యారు. ఆ పిల్లలకి అమ్మో నాన్నో బతికే ఉన్నారండీ!

నల్లబల్ల: @సూటిమాట దానికీ దీనికీ ముడిపెట్టకండి. అక్కడ ఎక్కువ బడులు అసలు సర్కారువే కావు, చర్చిలవో ప్రైవేటువో. 2010లో విద్యాశాఖ ఆఫీసే కూలిపోయింది. మీ కానుక ఆగితే పిల్లాడు సర్కారు బడికి పోడు, ఇంట్లో కూర్చుంటాడు.

సూటిమాట: ఎప్పటికీ మీరే ఇస్తుంటే సర్కారుకి కదలాల్సిన పనేముంది? దానికి జవాబు చెప్పండి ముందు.

సైట్ ఇంజినీర్: జవాబు నా దగ్గర లేదు గానీ కట్టేటట్టయితే ఒకటి చెప్తా. తుఫానుకి ఎగిరిపోదని అక్కడ స్లాబు వేస్తారు, కింద చూస్తే సన్న పిల్లర్లు, చాలీచాలని ఊచలు, భూమి కదిలితే ఆ స్లాబే నెత్తిన పడుతుంది. గోడ లేపాక దాని అంచుల్లో పిల్లర్లు పోసి పైన చుట్టూ కాంక్రీటు బెల్టు బిగించే పద్ధతి ఉంది, అక్కడి మేస్త్రీలకి అది నేర్పించి వాళ్ళకే కూలి ఇవ్వండి. దయచేసి మీ కుర్రాళ్ళని వారం ట్రిప్‌కి పంపి ఇటుకలు మోయించకండి, ఆ టికెట్ డబ్బుతో ఎన్ని నెలల జీతాలొస్తాయో లెక్కేసుకోండి.

బడిగంట: థాంక్స్ అందరికీ. అసలు విషయం నేనే చెప్పలేదు, అక్కడి హెడ్మాస్టర్ గారు మెయిల్లో అడిగింది జీతాలే, ప్రస్తుతానికి టార్పాలిన్ కింద పాఠాలు చెప్పుకుంటాం అన్నారు. మావాళ్ళలో బిల్డింగ్ అనేవాళ్ళకి మాత్రం పేరు చెక్కిన రాయి కావాలి. ఆదివారం మీటింగ్‌లో ముందు ఆ మెయిల్ చదివిస్తా, ఆ తర్వాత ఓటింగ్.