'800 బుల్లెట్లు': వెస్టర్న్‌లకి దండమా, దండగ సినిమానా?

రీలుపిచ్చోడు:
స్పెయిన్ దర్శకుడు ఆలెక్స్ దె లా ఇగ్లేసియా 2002లో తీసిన '800 బాలాస్' నిన్న రాత్రి చూశాను. కథ రెండు ముక్కల్లో చెప్తాను. హులియాన్ ఒకప్పుడు స్పెయిన్‌లోని అల్మెరియా ఎడారిలో తీసిన కౌబాయ్ సినిమాల్లో డూపు. హాలీవుడ్ కౌబాయ్ హీరో క్లింట్ ఈస్ట్‌వుడ్‌కి డూపు వేసింది నేనేనని చెప్పుకుంటాడు, జనం నమ్మరు. ఇప్పుడు పాత సెట్టులో టూరిస్టుల ముందు తన్నులు తింటూ, కింద పడుతూ బతుకుతున్నాడు. ఇంట్లో చెప్పకుండా మనవడు వెతుక్కుంటూ వస్తాడు. కొడుకు స్టంటు చేస్తూ పోయాడు కాబట్టి కోడలికి ఈయనంటే మంట. ఆ స్థలంలో థీమ్ పార్కు కట్టించాలని చూస్తుంది. ముసలాయన నిజం తూటాలు కొని పోలీసులకి ఎదురు నిలబడతాడు.

నా మాట ఇదీ: ఇది నివాళి కాదు, కౌబాయ్ టోపీ పెట్టుకున్న ఫ్యామిలీ సెంటిమెంటు. ఫస్టాఫ్ నవ్వించాడు, సెకండాఫ్ చెవులు చిల్లులు పడేలా కాల్పించాడు. ఒప్పుకుంటారా?

గోదారిగట్టు:
అతుకులబొంతే, కాదనను. కానీ ఇటలీ కౌబాయ్ సినిమాల దర్శకుడు సెర్జియో లియోనే సినిమాల్లో మాత్రం అతుకులు లేవా? 1966 నాటి 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'లో టూకో అనే బందిపోటు వేషాలకి నవ్వుతూ ఉంటాం, అంతలోనే వంతెన కోసం సైనికులు కుప్పలుగా చస్తారు. నవ్వూ చావూ ఒకే విస్తట్లో వడ్డించడం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

రీలుపిచ్చోడు:
పోలిక కుదరదు గురూ. లియోనేకి ఓపిక ఎక్కువ. మనిషి మొహం మీద ఈగ వాలితే అది ఎగిరిపోయేదాకా కెమెరా కదపడు. ఆ నిశ్శబ్దంలోనే మనకి టెన్షన్. ఇక్కడేమో అందరూ ఒకేసారి అరుస్తారు. మన 'మోసగాళ్లకు మోసగాడు' చూడండి. 1971లో కృష్ణ, దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ రాజస్థాన్ ఎడారికి వెళ్లి ఆట ఆడినట్టు ఆడేశారు. కౌబాయ్‌లు పోయారే అని ఏడవలేదు. నా లెక్కలో నివాళి అంటే అది.

ఫైటర్‌గారబ్బాయి:
అన్నా, అప్పుడు ఆట నడుస్తోంది కాబట్టి ఆడారు. ఈ సినిమా ఆట ఆగిపోయాక మిగిలిన వాళ్ల గురించి.

మా నాన్న మద్రాసులో ఫైటర్. టీవీలో పాత సినిమా వస్తే "ఆగు, ఇప్పుడు అద్దం పగలగొట్టుకుని దూకేది నేనే" అనేవారు. తెర మీద వీపు తప్ప ఏమీ కనిపించేది కాదు. టైటిల్స్‌లో పేరు ఉండేది కాదు. మా చిన్నాన్నలు నవ్వేవాళ్లు, నేను కూడా నవ్వాను. హులియాన్ కబుర్లు మీకు కామెడీ ట్రాకులా అనిపించాయేమో. నేను మాత్రం పాజ్ కొట్టి కాసేపు బయట కూర్చున్నాను. నడుం నొప్పి మాత్రం ఆయన కడదాకా మోశారు, దానికి సాక్ష్యం ఎవరూ అడగలేదు.

వలసపక్షి:
నేను బార్సిలోనాలో ఉంటాను. రెండేళ్ల క్రితం పిల్లలతో అల్మెరియాలోని టబెర్నాస్ ఎడారికి వెళ్లాం. 1965లో 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' కోసం కట్టిన ఊరు ఇప్పుడు మినీ హాలీవుడ్, పక్కనే జూ కూడా పెట్టారు. అంటే హులియాన్‌ని భయపెట్టే థీమ్ పార్కు అక్కడికి ఎప్పుడో వచ్చేసిందండీ. ఈ సినిమా తీసిన టెక్సాస్ హాలీవుడ్‌ని ఇప్పుడు ఫోర్ట్ బ్రావో అంటున్నారు. షోలో బాల్కనీ మీంచి పడి చచ్చినవాడే ఐదు నిమిషాల్లో దుమ్ము దులుపుకుని వచ్చి మా వాడితో ఫోటో దిగాడు. మోచేతికి కట్టు ఉంది. అది వేషంలో భాగమో నిజమో అర్థం కాలేదు. అక్కడ తిరిగొచ్చాక ఈ సినిమా అలా ఎగుడుదిగుడుగా ఉండటం నాకు తప్పనిపించలేదు.

గోదారిగట్టు:
ఆ లెక్కన ప్రతి అతుకుల సినిమాకీ 'జీవితమే అంత' అని సర్దిచెప్పుకోవచ్చు కదండీ! నాకు నచ్చింది హులియాన్‌గా వేసిన సాంచో గ్రాసియా. ఆ గొంతు, ఆ నడక లేకపోతే సినిమా రెండో రీలుకే కూలబడేది. కార్మెన్ మౌరా లాంటి నటిని కోడలి పాత్రలో ఉత్త విలన్‌ని చేశారు, కొడుకు పోయిన కథ బరువంతా ఆమె మీదే ఉన్నా.

రీలుపిచ్చోడు:
ఆమె విషయంలో మీతోనే ఉన్నాను. ఇంకో ఫిర్యాదు. చూడనివాళ్లు ఈ పోస్టు దాటేయండి, ముగింపు చెప్పేస్తున్నాను. హులియాన్ అంత్యక్రియలకి ఈస్ట్‌వుడ్ వస్తాడు, తీరా చూస్తే ఆయన పోలికలున్న ఎవరో నటుడు. అంతసేపు ఊరించి నకిలీని తెస్తారా?

ఫైటర్‌గారబ్బాయి:
అన్నా, జీవితమంతా ఈస్ట్‌వుడ్‌కి డూపు వేశానన్న మనిషిని సాగనంపడానికి ఈస్ట్‌వుడ్ డూపు వచ్చాడు. ఇంకెవరు రావాలి?

రీలుపిచ్చోడు:
...ఇది నాకు తట్టలేదు తమ్ముడూ. సరే, ఆ సీను వదిలేస్తున్నా. పోలీసుల ముట్టడి మాత్రం సగానికి సగం కత్తిరించాల్సిందే, అందులో బేరం లేదు.